ఉప్పు మంచు

జూన్ నెల. తాలిన్‌లో రాత్రి పదకొండైనా
ఆకాశం దీపం ఆర్పదు.
కిటికీలకు నల్లగుడ్డ మేకులతో కొట్టి
స్టూడియో లోపల మేం క్రిస్మస్ చేస్తున్నాం.
మంచంటే మెత్తగా దంచిన ఉప్పు.
సమాధి రాళ్లు బిస్కెట్ డబ్బాల అట్టముక్కలు.
హెల్దుర్ దయ్యం నా మోచెయ్యంత,
కడుపులో తీగ, మైనం ముఖం, ఒంటికి పాత మేజోడు.

బతికుండగా గడియారాలు బాగుచేసేవాడు.
పండగ నక్షత్రం కట్టబోయి ఇంటికప్పు మీంచి జారి
విందుకని ఆరబెట్టిన పంది తొడ మీద పడి పోయాడు.
పిల్లలు ఇక్కడ నవ్వుతారు.
పెద్దవాళ్లు ముందు నవ్వి, తర్వాత పిల్లల వైపు చూస్తారు.

ఇప్పుడు ఆఖరి సీన్.
భార్య సాల్మే కొవ్వొత్తి తెచ్చింది.
పేర్లన్నిటినీ మంచు మింగేసింది, ఆవిడకా చూపు ఆనదు.
పక్క రాయి ముందు వెలిగించి, ముక్కు చీది,
"సాసేజ్ ఈసారీ మాడింది, నువ్వుంటే తిట్టేవాడివి" అని చెప్పి
బస్సు పోతుందని వెళ్లిపోయింది.

పక్క రాయి ఎవరిది?
ఎండెల్‌ది.
కంచె జానెడు ఇటు జరిపి, లేదని బొంకి
ఇరవైరెండేళ్లు కోర్టు మెట్లెక్కించిన ఎండెల్‌ది.

హెల్దుర్ కొవ్వొత్తిని లాక్కోబోతాడు,
చెయ్యి మంటలోంచి దూరిపోతుంది.
ఊదబోతాడు. దయ్యానికి ఊపిరెక్కడిది?
ఎండెల్ కాళ్లు చాపుకుని, వెచ్చగా,
"మీ ఆవిడ మంచిది" అంటాడు.

ఈ మూడు నిమిషాలకు మాకు పదకొండు వారాలు.
వెంట్రుకవాసి జరుపు, చెయ్యి తియ్యి, క్లిక్.
వెంట్రుకవాసి జరుపు, చెయ్యి తియ్యి, క్లిక్.
నత్త మమ్మల్ని దాటిపోయి
పనులు చూసుకుని తిరిగొచ్చి పలకరించేంత వేగం.

నిర్మాత ఫోన్ చేశాడు.
దయ్యం పైకి లేవాలట, వెలుగు రావాలట, గంటలు మోగాలట.
దర్శకురాలు ఎహా ఫోన్‌ని ఉప్పు డబ్బాలో పెట్టి మూతేసింది.
"పైకి వెళ్లేవాడైతే ఆ కప్పు మీంచే వెళ్లుండేవాడు."

అందుకని, ఎండెల్ జరుగుతాడు.
ఎంత?
కంచె జరిపినంత.
తెర మీద జానెడు, నా బల్ల మీద గోరంత,
దానికి నాలుగు రోజులు.
క్షమించు అనడు. హెల్దుర్ అడగడు.
వచ్చి కూర్చుంటాడు, అంతే.
"కొవ్వొత్తి మాది."
"రాయి మాది."
గాలి. మంట పోతుంది. తెరంతా నలుపు.
నలుపులోంచి:
"గాలి నీ వైపు నుంచే వచ్చింది."
"సాక్షులున్నారా?"

నిన్న ఎడిటింగ్‌లో చూశాను,
ఆ నాలుగో రోజు నా బొటనవేలి అచ్చు
హెల్దుర్ బుగ్గ మీద ఉండిపోయింది.
చెరిపెయ్యమంటారేమో అనుకున్నా,
ఎహా చాలాసేపు చూసి, సొట్ట బావుంది అంది.

అర్ధరాత్రి, పట్టపగల్లాంటి వెలుగులో
చొక్కా చేతుల్లోంచి ఉప్పు రాలుస్తూ ఇంటికి నడిచాను.
మా నాన్న రాయి ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను.
దాని పక్కది ఎవరిదో
ఎప్పుడూ చదవలేదు.