శివారు

ఏప్రిల్లో కాలువలు కట్టేశాక
మా సబ్‌డివిజన్‌కి కొత్త బోర్డు వచ్చింది.
గోడకి కాదు, ఫోన్లోకి.
మూడు గళ్ళు: చెయ్యాలి, జరుగుతోంది, అయ్యింది.
పనికో చీటీ, చీటీకో పేరు, ఒక తారీఖు.
తారీఖు దాటితే చీటీ అంచు ఎర్రబడుతుంది
కళ్ళకలక వచ్చినట్టు.

ఆ రాత్రే నలభై ఆరు చీటీలు రాశాను.
లాకు తలుపులకి గ్రీజు: ఏసుపాదం.
నాలుగో మైలు గండికి ఇసక బస్తాలు: బుల్లియ్య ముఠా.
అక్విడక్టు పగులు: కాంట్రాక్టరు గారి మనిషి,
పేరు తర్వాత చెబుతామన్నారు, ఇంకా చెప్పలేదు.
దిగువకి పోయేకొద్దీ పనులు చిన్నవి, పేర్లు పొట్టివి.
చిట్టచివర, శివారు బోదె పూడికతీత:
లస్కరు ధనకోటి.

ఇది అవందే అది మొదలవదని
చీటీకీ చీటీకీ నడుమ బాణం గీయొచ్చు.
అన్నీ గీసి దూరం పెట్టి చూస్తే
తెర మీద మళ్ళీ కాలువే వచ్చింది,
తల బొబ్బర్లంకలో, తోక ఉప్పుగాలిలో.

ఏసుపాదం టైపు చెయ్యడు.
మాట రికార్డు చేసి చీటీకి తగిలిస్తాడు.
"గ్రీజు అయిపోయిందండి మేడం."
పని అయిపోయిందా, డబ్బాలో గ్రీజే అయిపోయిందా,
మూడుసార్లు విన్నా తేలక ఫోన్ చేశాను.
"రెండూనండి, ఆయ్."

మే ఇరవై తొమ్మిది. తెల్లారితే రివ్యూ.
నలభై అయిదు చీటీలు పచ్చగా ఉన్నాయి.
ధనకోటిది ఒక్కటే ఎర్రగా.
డీజిలు బిల్లు ఆగి పొక్లెయిన్ రాలేదు,
ఇంకా తొమ్మిది చైన్ల పూడిక, దాని మీద తూడు.
రాత్రి పదకొండూ నలభైకి
దోమతెరలో పడుకుని, బొటనవేలితో
ఆ చీటీని కుడివైపుకి జరిపాను.
ఎంత తేలికో.
ఒక్క తట్ట మట్టి లేవలేదు.

మర్నాడు పెద్దాయన శెభాష్ అన్నారు.
టీ ఇచ్చారు, బిస్కెట్టు కూడా.

జూన్ ఒకటిన నీళ్ళు వదిలారు.
నీటి మొన కంటే ముందు నా స్కూటీ.
మొన అంటే నురగ, ఎండుటాకులు, ఎవరిదో ఒంటి చెప్పు,
ఆ వెనక కప్పల తొందర.
గండి దగ్గర కాస్త తచ్చాడి దాటింది.
ఏసుపాదం తలుపులు కిర్రుమనకుండా లేచాయి.
దాటిన చోటల్లా ఆగి
ఫొటో తీసి చీటీకి అంటించాను.

మూడో రోజుకి శివారు.
బోదెలోకి తిరిగిన నీరు
తూడు మొదట్లోనే నిలబడిపోయింది,
గుమ్మం దగ్గర ఆగిన పరాయి మనిషిలాగా.
అవతల గట్టు మీద వెంకాయమ్మ,
ఎకరంన్నర కౌలు, నెత్తిన విత్తనం బుట్ట.
"నానబోసి మొలకలొచ్చేశాయండి.
ఫోన్లో అయిపోయిందని ఉందంటగా?"

ధనకోటి ఏమీ అనలేదు.
అతనికి బోర్డు చూడ్డం వచ్చు.
ఎవరు జరిపారో, ఏ నిమిషానికో
చీటీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.
పార గట్టున గుచ్చి, లుంగీ ఎగ్గట్టి
నాకేసి చూడకుండా దిగాడు.

చెప్పులు విడిచి నేనూ దిగాను.
మోకాళ్ళ దాకా నల్ల బురద,
పట్టుకుంటే తెగే ఆకు, లాగినా రాని వేరు.
గంటకి రెండు బారలు సాగలేదు.
నడుం పట్టేసిన వంకతో ఫోను తీశాను,
చీటీని మళ్ళీ ఎడమవైపుకి తెద్దామని.
బురద వేలిని తెర గుర్తుపట్టలేదు.
చున్నీకి తుడుచుకుని నొక్కాను,
మళ్ళీ తుడుచుకున్నాను.

"అది తర్వాత చూద్దురుగానండి" అన్నాడు ధనకోటి,
"ముందు ఈ మోపు అందుకోండి."