పద్నాలుగో గది

బిట్రగుంట పాసింజరు దిగి
బ్యాలెన్సు చక్రాలూ, జుట్టుపోచంత స్ప్రింగులూ, ఒక బుడ్డి నూనె
పారీస్‌లో బేరమాడి కొనేసరికి పొద్దుపోయింది.
గూడూరు బండి నాకోసం ఆగలేదు.
మన్నడి సందుల్లో రెండొందల యాభైకి
కమలవిలాస్‌లో తప్ప గది లేదు.
అందులోనూ పద్నాలుగు తప్ప ఖాళీ లేదు.

"చెప్పి ఇస్తా ఉండాను సార్, రేపు నన్ను అనకూడదు"
అన్నాడు వేదాచలం
బల్ల మీద తాళంచెవి పెట్టి, దాని మీంచి చెయ్యి తియ్యకుండా.

ఎవరో దుబాసీ కట్టించిన నీలిమందు కొట్టమట మొదట.
తర్వాత రంగూను ఓడ ఎక్కేవాళ్ళకి పూటకూళ్ళ ఇల్లు.
ఎమర్జెన్సీకి ముందు ఆ నాలుగైదేళ్ళూ
సింగపూరు సరుకు చీకట్లో దిగేదిక్కడే.
బీరువా వెనక తలుపుండేది,
ఇప్పుడక్కడ గోడ.

పామంజి ఏకాంబరం కాశిమేడు మనిషి.
కట్టుమరం మీద ఓడ దాకా పోయి
రెండొందల చేతిగడియారాలు గుడ్డపట్టీకి కుట్టుకుని
బనీను కింద చుట్టుకొచ్చేవాడు.
ఒక రాత్రి కస్టమ్స్ లాంచీ దీపం మీద పడింది.
దూకాడు.
పట్టా లేకుండా ఒక్కోటి మూడు తులాలు.
రెండొందలంటే ఏడు కిలోలు.
ఈత వచ్చినవాణ్ణి ముంచడానికి అది చాలు.
తెల్లారి శవం దొరికింది, పట్టీ దొరకలేదు.

"ఆ గోడలో ఉందంటారు సార్. రాత్రి వినబడతాది."

నవ్వి పైకెళ్ళాను.
నలభై ఏళ్ళుగా నా తిండి గడియారాలే.
ఉప్పునీళ్ళు తాగినది మూడోనాటికి తుప్పుముద్ద.
బతకాలంటే ఆ రాత్రే విప్పాలి,
మంచినీళ్ళలో కడగాలి, ఆరబెట్టాలి, నూనె చూపాలి.
గోడలో ఎవడు చేస్తాడు ఆ పని?

ఒంటిగంటకి హార్బరు కూత ఆగింది.
ఫ్యాను కట్టేశాను.
ఉంది.

దూలంలో పురుగైతే లయ ఉండదు.
దీనికుంది, కొంచెం కుంటి లయ,
ఒక కాలికి చెప్పు తెగినవాడు నడిచినట్టు.
భయం వేసింది. వెయ్యలేదని చెప్పను.
కానీ చెవి నా మాట వినదు, అది పనిలోకి దిగిపోయింది.
నా గడియారం పక్కన పెట్టి గంటసేపు లెక్క కట్టాను.
గంటకి పది సెకండ్లు వెనక.
రోజుకి నాలుగు నిమిషాలు.
ఏడాదికి, ఇంచుమించు, ఒక రోజు.

యాభై ఏళ్ళకి యాభై రోజులు.
అంటే కాశిమేడులో తద్దినం పెట్టి
విస్తళ్ళు ఎత్తేసి, అలికిన నేల ఆరిపోయి
నెలన్నర దాటాక వస్తున్నాడన్నమాట
ఆకలితో.

పొద్దున తాళంచెవి ఇస్తుంటే అడిగాడు.
"వినబడినాదా సార్?"
"వెనకబడి నడుస్తోంది" అన్నాను. "రోజుకి నాలుగు నిమిషాలు."

వేదాచలం మాట్లాడలేదు.
చాలాసేపటికి ఎడమచెయ్యి చొక్కా మడత పైకి లాగి
గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.
"మా నాయనది సార్. ఇది కూడా అంతే లేటు."

తిరగేసి చూశాను.
వెనక మూత నిండా గుంటలు, చీమలు కొరికినట్టు.
ఉప్పు తప్ప ఇంకేదీ స్టీలును అలా తినదు.
"రాత్రిపూట ఎక్కడ పెడతారు?"
"పదమూడులో పడుకుంటాను సార్.
గోడకి మేకుంది. కీ ఇచ్చి దానికి తగిలిస్తాను."

నేనేమీ అడగలేదు.
ఆయన ఇంకా ఏదో చెప్పబోయి
రిజిస్టరులో నా పేరు మళ్ళీ చదువుకున్నాడు.
భూతద్దం కంటికి పెట్టుకుని మూత తీశాను.
ఎవరో మంచి పనివాడే, ఆ రాత్రి చూసింది.
సూదిమొన నూనె ఒక చుక్క.
ముల్లు వెంట్రుకవాసి జరిపాను.

కూలి నేనడగలేదు, అద్దె ఆయన తీసుకోలేదు.
సెంట్రల్ దాకా నడుస్తూ అనుకున్నాను:
పోయిన యాభై రోజులు కలపడం నా చేతిలో లేదు,
ఇకమీదట ఆలస్యం కాకుండా చూశాను,
అంతే.