చేరుకోవడం కష్టమైనవాళ్లు

లెస్టర్‌లో ఈ నెల నాలుగింటికే దీపాలు.
మూడువేల నూటపన్నెండు వ్యాసాలు,
ఒక్కోదానికీ రెండే మీటలు: చేర్చు, తీసెయ్.
ఇక్కడ నేను, కార్డిఫ్‌లో గ్విలిమ్.
ఇద్దరం ఒప్పుకుంటే వ్యాసం బతుకుతుంది,
చంపినా ఒప్పుకునే చంపుతాం.
మా ఏకాభిప్రాయం సున్నా పాయింట్ ఏడు ఒకటి.
మొగుడూ పెళ్లాలకే ఇంత కుదరదంటాడు గ్విలిమ్,
విడాకులైనవాడు, వాడికి తెలుసు.

మహమ్మారి కాలంలో ఆరోగ్య సమాచారం: పరిశోధన ధోరణులు.
గీస్తే అచ్చం జ్వరం చార్టు.
మొదటి వసంతంలో 'భయం' నిట్టనిలువుగా లేచింది,
ఎండాకాలానికి 'వదంతి' దాన్ని దాటేసింది,
టీకాలొచ్చాక 'నమ్మకం', 'నమ్మకం', 'నమ్మకం',
ఊళ్లో ఎంత కరువైతే కాగితాల్లో అంత పంట.
తర్వాత 'అలసట'.
ఆపైన గీత నేలబారుగా సాగుతుంది.
జబ్బు తగ్గి కాదు, నిధులు అయిపోయి.

ప్రతి రెండో వ్యాసంలో ఒక మాట తగులుతుంది:
'చేరుకోవడం కష్టమైన వర్గాలు.'
ఒక పట్టికలో మా వీధే ఉంది, నార్బరో రోడ్డు.
ఊరి నడిబొడ్డు నుంచి బస్సులో పన్నెండు నిమిషాలు.
బిర్యానీ చేరుతుంది. కరెంటు బిల్లు చేరుతుంది.
అద్దె పెంచుతున్నామన్న ఉత్తరమైతే
ఒకరోజు ముందే వచ్చి గుమ్మంలో పడుంటుంది.

ఒక వ్యాసం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో
లాండ్రీ నడిపే డోరీన్ పేక్‌మన్.
రెండు మీటర్లంటే ఎంత అని అడిగినవాళ్లకి
ఉతికిన డబుల్ దుప్పటి ఒక కొస అందించి
రెండో కొస తను పట్టుకునేదట.
"ఇది వదులైతే దగ్గరికొచ్చారని."
నేను లేచి నిలబడి, మోచేయి మడిచి కొలిచాను.
నాలుగున్నర మూరలు.
చేర్చు, అన్నాను.
తీసెయ్, అన్నాడు గ్విలిమ్. నమూనా సంఖ్య: ఒకటి.
మూడో మనిషి తీర్పులో దుప్పటి పోయింది.

ఇక ఇంటర్వ్యూలు. వీటికి తీసెయ్ మీట లేదు.
పి-పదిహేడు, గిడ్డంగిలో పెట్టెలు సర్దే మనిషి.
పేరు చెరిపారు, యాస చెరపలేదు:
"మన భాషలనే కాయితం వచ్చింది.
స్వీయ నిర్బంధం అని రాసిండ్రు.
నిర్బంధం అంటే పోలీసులే గద.
మా రూముల అన్న, దగ్గు వస్తే నోట్ల దిండు కుక్కుకునేటోడు,
పక్కోళ్లకు ఇనపడొద్దని. తొమ్మిది దినాలు."
తర్వాత? అని అడిగిందొక గొంతు.
నిశ్శబ్దం, ఇరవైమూడు సెకన్లు, అని రాసుంది.

ఆ కాయితం నాకు తెలుసు.
నలభై పౌన్లు, ఒక్క రాత్రి పని.
'సెల్ఫ్ ఐసొలేషన్'కి నాలుగు మాటలు అనుకుని
గంభీరంగా ఉందని అది పెట్టాను.
టీ చల్లారేలోపు తర్వాతి పేజీలో ఉన్నాను.

దీనికీ ఒక గడి ఉంది. అనువాద లోపం: ఒకటి.
ఇంగ్లీషు ప్రతి చదివి గ్విలిమూ అదే వేశాడు.
మొదటిసారి మాకు పూర్తి ఏకాభిప్రాయం.

రాత్రి, కరెంటు బిల్లు వెనకాల:
వేరే గదిలో పడుకోండి. గది లేకపోతే కిటికీ పక్కన.
'కంచం వేరు పెట్టుకోండి' అని రాసి కొట్టేశాను,
ఆ మాట మన ఊళ్లలో ఏ జ్వరం కన్నా పాతది.
మీ గిన్నెలు వేడినీళ్లతో కడగండి.
దగ్గొస్తే దగ్గండి.
ఎవరూ వచ్చి పట్టుకుపోరు.

చివరి రెండూ ఇంగ్లీషులో లేవు.
లేనిది రాయడమూ అనువాద లోపమే,
పడేది ఆ గడిలోనే.

శుక్రవారం గడువు.
'నమ్మకం' గీతకి ఏ రంగు వేద్దామని
గ్విలిమ్ రెండుసార్లు అడిగాడు.