మంచం దూరం

కొండపి వేలం కేంద్రంలో
సర్వర్ గదికి కిటికీ లేదు.
పొగాకు దుమ్ము మాత్రం ఎలాగో దూరుతుంది.
నెలకోసారి పెట్టె మూత విప్పి
పెయింటు బ్రష్‌తో ఊడుస్తాను, తుమ్ముతాను.
పంతొమ్మిది సీజన్లుగా అదే తుమ్ము,
అదే పాస్‌వర్డ్.

మాల్యశ్రీ చేరి పది నెలలు.
బేలు నంబరు, గ్రేడు, బరువు, ఎంటర్.
అంకె తప్పు పడితే లేచొచ్చి
నా కుర్చీ వెనక నిలబడాలి.
నేను టీకి పోయుంటే
ఆ పిల్లా, రైతూ, బేలూ
ముగ్గురూ నిలబడాలి.
ఆపరేటర్లకి ఇంతకు మించి తెరవొద్దని
పైవాళ్లకి రాసిచ్చింది నేనే.
చక్కటి ఇంగ్లీషులో రాశాను.

మొన్న మంగళవారం, అన్నాల వేళ,
నేను తెరిచి వదిలేసిన స్క్రీను మీద
ఎవరో ముసలాయన లెక్క సరిచెయ్యబోయి
ఆ రోజు వేలమంతా చెరిపేసింది.
ఆరు వందల నలభై బేళ్లు.

పరిగెత్తుకుంటూ రాలేదు. నడిచే వచ్చింది.
చేతిలో చీటీ.
ఎన్ని గంటలకి, ఏ మీట నొక్కిందీ,
ఆ తర్వాత ఏమీ ముట్టుకోలేదనీ.
"నేనే సార్" అంది.

పదకొండింటి కాపీ ఉంది.
మిగతావి కాగితాల్లోంచి ఇద్దరం ఎక్కించాం.
దీపాలు పెట్టే వేళకి బేళ్లన్నీ తిరిగొచ్చాయి.
చీటీ నా జేబులోనే ఉండిపోయింది.

నా మూడో సీజన్‌లో నేనూ చెరిపాను,
రెండు రోజుల లెక్క.
కరెంటు పోయిందన్నాను.
కరెంటుకి నోరు లేదు గదా, అందరూ నమ్మారు.
ఆ ఏడే నన్ను ఇన్‌చార్జిని చేశారు.

ఆ పిల్ల నాయన చినమాలకొండయ్య
పెట్లూరు పొలాల్లో బ్యారన్ దగ్గర మంట చూస్తాడు.
అప్పు తెచ్చి పండించిన ఆకంతా
లోపల కర్రలకి వేలాడుతుంటుంది.
బయట రాత్రంతా ఒక చుట్ట, ఒక టార్చిలైటు, ఆయన.
వేడి తొందరపడితే ఆకు పచ్చగానే బిగుసుకుంటుంది,
బద్ధకిస్తే నల్లబడుతుంది.
మొదటి ఏడు రైతు పక్కనే కూర్చుని
మంట ఎప్పుడు దగ్గుతుందో వినమన్నాడంట.
రెండో ఏడు మంచం కాస్త అవతలికి వేసుకున్నాడంట.
మూడో ఏడు ఇంటికి పోయి పడుకున్నాడంట.

నేనేమో పంతొమ్మిదేళ్లుగా
మంచం బ్యారన్ తలుపుకి అడ్డంగా వేసుకుని
నిద్రపోకుండా కాస్తున్నాననుకుంటున్నా.

స్టోర్‌రూంలో పాత మిషనుంది.
దుమ్ము దులిపి ముందు పెట్టి
"చెరిపెయ్" అన్నాను.
నా మొహంలోకి చూసింది.
"నిజంగానే. మొత్తం."
చెరిపింది.
"ఇప్పుడు బతికించు."
మొదటిరోజు రాత్రి తొమ్మిదైంది.
నాలుగోసారికి గంటన్నర.
అయిదోసారి నేను కొట్లో బజ్జీలు తింటుండగా
దానంతట అదే అయిపోయిందని చెప్పింది,
దానంతట అదే అవదని ఇద్దరికీ తెలుసు.

నా పాస్‌వర్డ్ ఇవ్వలేదు.
దాని నిండా నా భయమే ఉంది.
ఆమె పేరు మీదే కొత్తది తీయించి,
కొట్టేటప్పుడు గోడవైపు తిరిగి నిలబడ్డాను.
ఇక ఏం చేసినా, ఏం చెరిపినా
రాత్రి లెక్కల కింద ఆమె పేరే పడుతుంది.
కరెంటు పేరు కాదు.

శుక్రవారం వేలం ముగియకముందే
ఒంగోలు బస్సెక్కాను.
టంగుటూరు దాటేదాకా ఫోను చేతిలోనే ఉంది.
మోగలేదు.
రెండుసార్లు తీసి చూశాను,
సిగ్నలుంది.