తొమ్మిది వందల తొంభై మూడో పోర్టు

కురుపాం మార్కెట్ వెనక సందులో
ఓడలకి సరుకులు కట్టే కొట్టు మాది.
గల్లా పక్కన ఒక ముసలి కంప్యూటరు.
బొమ్మలెత్తమంటే రొప్పుతుంది,
అక్షరాలైతే ఇంకా మోస్తుంది.

అందుకే మంగళవారం పొద్దున్నే
మౌసు పీకి సొరుగులో పడేసి
నల్ల తెర మీద తెల్ల అక్షరాల ఉత్తరాల పెట్టె
అమర్చడానికి కూర్చున్నాను.

తవిటయ్య బస్తా దించి, తొంగి చూశాడు.
"తెర పాడైపోనాదేటమ్మా?"
"లేదు, దీని మొహమే ఇంత."
"నొక్కడానికి ఏటీ నేదు మరి!"

చుక్కతో మొదలయ్యే పేరు పెట్టాలి ఫైలుకి.
చుక్క పెడితే ఎవరికీ కనబడదట.
దిష్టి చుక్క అన్నమాట,
పిల్లల బుగ్గ మీద కాక పేరు మీద.

సర్వరు. సంతకం. పాస్‌వర్డు.
పోర్టు తొమ్మిది వందల తొంభై మూడు
అని పైకే చదివినట్టున్నాను.
"మన పోర్టుకి అన్ని బెర్తులు ఎక్కడియమ్మా?"
ముప్పై ఏళ్ళు కలాసీ పని చేసినవాడు,
ఈ ఒక్క లెక్కా నా దగ్గర ఒప్పుకోలేదు.

మొదటి గంట
మూయని ఒక కొటేషన్ గుర్తుకి పోయింది.
ఆ తరవాత అది నాతో మాట్లాడింది:
ధ్రువపత్రం ఇంకా చెల్లదు.

గడువు దాటిందంటే అర్థమవును.
ఇంకా అంటుందేమిటి?
ఆ పత్రం పుట్టనే లేదట.
తేదీ అడిగి చూశాను.
రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి.

లోపలి బ్యాటరీ ఎప్పుడు చచ్చిపోయిందో,
కరెంటు పోయినప్పుడల్లా
అదే తెల్లవారుజామున లేస్తోంది పాపం.
దాని లెక్కలో హుద్‌హుద్ రానేలేదు.
బీచి రోడ్డు చెట్లు ఒక్కటీ ఒరగలేదు,
మా రేకుల కప్పు మా మీదే ఉంది,
తడిసి మొలకెత్తిన మినుములు
ఇంకా ఏ చేలోనో పూతకొస్తున్నాయి.
కాసేపు దిద్దబుద్ధి కాలేదు.

జగదాంబ దగ్గర వాచీల కొట్టులో
రూపాయి బిళ్ళంత బ్యాటరీ, నలభై రూపాయలు.
తవిటయ్య చేతి గడియారం చూసి టైము చెప్పాడు,
నేను కొట్టాను.
నలభై మూడు ఉత్తరాలు జలజలా దిగాయి.

అన్నిటికన్నా పైది
రెండు రోజుల్లో రేవుకొచ్చే ఓడ నుంచి,
వంటమనిషి మైలపల్లి దానయ్య రాసింది:

???? ???? ?? ?????
???? ??????

ఏదో అడుగుతున్నాడు.
ఏమిటో తెలీదు గానీ
అడుగుతున్నాడన్నది మాత్రం ఖాయం.

ఏ లిపిలో చదవాలో నేను చెప్పలేదు దానికి.
చెప్పాను.
ప్రశ్నలు పోయి ఖాళీ డబ్బాలొచ్చాయి.
ఫాంటు తెచ్చాను. డబ్బాలు పోయి
కొమ్ములు ఊడి, ఒత్తులు జారి,
గుడులు పక్కింట్లో కూర్చుని
బలపం పట్టిన రోజు నా పలకలా వచ్చింది తెలుగు.
మధ్యాన్నం అన్నం చల్లారిపోయింది.
మూడో టెర్మినల్ మార్చాక, నాలుగున్నరకి,
ఒక్కో అక్షరం తన ఒత్తుని తను ఎత్తుకుంది.

"చింతపండు ఆరు కిలోలు. ఆవపిండి.
బెల్లం అనకాపల్లిది కాకపోతే వద్దు.
ఎండు నెత్తళ్ళు దొరికితే పంపమ్మా,
కుర్రోళ్ళు నీళ్ళ మీదే ఉండి
చేపల కోసం ఏడుస్తన్నారు."

తవిటయ్య నవ్వుతూనే కాటా దులిపాడు.
నేను జవాబు రాశాను, రెండే వరసలు:
నెత్తళ్ళున్నాయి దానయ్యా,
శుక్రవారం పొద్దున్నే పడవెక్కిస్తాం.
పంపాలా అని అడిగింది. అవుననే మీట నొక్కాను.
నల్ల తెర ఒక్క మాటా అనలేదు.

దీపాలు పెట్టే వేళకి దానయ్య మళ్ళీ:
"అమ్మా, నీ ఉత్తరమంతా ప్రశ్నలే వచ్చినాయి.
ఏటడిగావు?"

చుక్క ఫైలు మళ్ళీ తెరిచాను.
తవిటయ్య ఈలోగా
నెత్తళ్ళు తూచి, మూతి కుట్టేశాడు.