టెంపరరీ

లాలాగూడ వర్క్‌షాపులో పాత కాగితాలు తూకానికేస్తుంటే
చెదలు తినగా మిగిలిన జీతాల రిజిస్టరొకటి నా చేతికొచ్చింది.
పంతొమ్మిదివందల నలభైమూడు.
ఫుట్‌బాల్ టీముకు వేరే పేజీ.
అట్టడుగు వరసలో, ఎర్రసిరాతో:
పెంటయ్య, బాయిలర్ షాపు. గోలీ. టెంపరరీ.
మ్యాచికి ఒక రూపాయి, హాలీ సిక్కా. శేరు పాలు.

దాని పై వరసలో కొట్టేసిన పేరు డెస్మండ్‌ది.
పక్కన పెన్సిలుతో, బర్మా.

యుద్ధం ఎక్కడో జరిగింది.
ఇక్కడ మాత్రం ఒక ఖాళీ మిగిల్చింది,
ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు.
ఆ ఖాళీలో పెంటయ్యను నిలబెట్టారు.

అంతకుముందు అతను బంతి ముట్టింది లేదు.
కొలిమి దగ్గరి మనిషి ఎర్రగా కాలిన రివెట్టు విసిరితే
పరంజా మీద నిలబడి రేకు డబ్బాలో పట్టడం అతని పని.
రోజుకు నాలుగొందలు.
ఒక్కటి జారితే కింద ఎవడి వీపో కాలుతుంది.
తోలుబంతిదేముంది దొరా, అన్నాడట ఫోర్‌మన్‌తో,
అది సల్లగనే ఉంటది గద.

బూట్లు డెస్మండ్‌వే. రెండు సైజులు పెద్దవి.
ఇంజను తుడిచే నూలుపీచు కుక్కి తొడుక్కున్నాడు.

మూడు సీజన్లు. నలభైయొక్క మ్యాచిలు.
ఇరవైయారు గోల్స్ పోయాయి,
అందులో తొమ్మిది ఒక్క వానరోజునే.
తిరుమలగిరిలో తెల్లపల్టనుతో ఆడినప్పుడు
పెనాల్టీ ఆపాడు, ఎడమకు దూకి, బొటనవేలు విరిగేలా.
మర్నాటి పేపరులో
"వర్క్‌షాపు కుర్రవాడొకడు" అని పడింది.
ఆ కుర్రవాడి పేరు నాకు తెలుసు.
అప్పటినుంచి రూపాయి ముట్టినట్టు వేసిన వేలిముద్రలన్నీ
కొంచెం వంకరగా ఉన్నాయి.

నలభైయారు ఫిబ్రవరి.
డెస్మండ్. గోలీ. పర్మనెంటు.
పెంటయ్య పేరు మీద గీత,
స్కేలు పెట్టి మరీ గీసిన గీత.
పాలు బంద్.

మెట్టుగూడలో ఆయన బిడ్డ అండాలమ్మ
బియ్యం చెరుగుతూ నా మాట విన్నది.
బంతా? మా నాయననా?
ఎన్నడు సెప్పలే సారూ.
కని ఒకటుండె.
గూట్లకెల్లి గిలాస జారితే నేలకు తాకనిచ్చేటోడు గాదు.
ఎటు మొకం పెట్టి కూసున్నా సరే.
నిద్రల గూడ. మేం ఏడుగురం ఒక్క మంచం,
ఆయన కింద సాప మీద.
దొర్లినోళ్ళను దొర్లినట్టే పట్టి మల్ల పైన పండవెట్టేటోడు,
కండ్లు తెరువకుంటనే.
ఒక్కరం గూడ కిందవడలే.

డెస్మండ్ తెలుసా అని అడిగాను.
ఎందుకు తెల్వదు. క్రిస్మసుకు కేకు తెచ్చేటోడు,
గడప దాటి లోపటికి రాకపొయ్యేది.
నాయన కూసో అంటె కూసోకపొయ్యేది.
ఎడమ చెయ్యి ఎప్పుడు కోటు జేబులనే.
ఆ చెయ్యి ఎట్లుంటదో నేనెన్నడు సూడలే.

చేట పక్కన పెట్టింది.
రిజిస్టరు తెరిచి ఆ పేజీ చూపించాను.
చదువు రాదు. వేలిముద్ర మీద తన వేలు పెట్టి చూసుకుంది,
కొలతకన్నట్టు.
తర్వాత తలెత్తి,
పైసలేమన్న బాకీ ఉన్నయా సారూ, అంది.

ఆఖరు మ్యాచి గడిలో ముద్ర లేదు.
అది నేను ముందే చూశాను,
చెప్పాలా వద్దా అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.
ఉందమ్మా, ఒక రూపాయి.
ఆ రూపాయి ఇప్పుడు చెల్లదు.

నవ్వింది, పన్నులేని నోటితో, చాలాసేపు.
శేరు పాలు గూడ రాసుకోరాదూ, అంది.