నాలుగు రోజుల గడ్డం

దారేజాన్ ఇంటికి ఋతువులు వీధి తలుపు తట్టి రావు.
పెరటి దారిన
ఆమె ఒళ్ళో పడి వస్తాయి.

మా గురియా కొండల్లో వాన ఎక్కువ, రంగు తక్కువ
అంటారు పట్నం వాళ్ళు.
ఆమె వసారా చూడలేదు పాపం.
అక్టోబరు వచ్చిందంటే తొక్క తీసిన పెర్సిమన్ పళ్ళు
దారానికి పదకొండు చొప్పున వేలాడేవి,
పన్నెండోది ఎప్పుడూ నోట్లోకే.
ఆ నారింజరంగు తెర వెనక కూర్చుని
వర్లామ్ కత్తి నూరుకునేవాడు.

ఏప్రిల్లో మంజిష్ఠ వేళ్ళు ఉడికించి
గుడ్లకి ఎరుపు పట్టించేది.
గుమ్మం పైన మేకుకి ఏడాదికోసారి
పచ్చటి పొదకొమ్మ గుచ్చేది.
ఆ పొదల్ని ఎక్కడినుంచో వచ్చిన పురుగు తినేసింది,
కొండకి కొండే బోసిపోయింది.
మేకు పీకేద్దామా అన్నాను.
"ఉండనీ, మేకూ అలంకారమే" అంది.

ఈ ఆగస్టులో వర్లామ్ పోయాడు.

అద్దానికి నల్లగుడ్డ. బల్లకి నల్లగుడ్డ.
చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండగ లేదు.
పళ్ళు చెట్టునే ఉండిపోయాయి,
కాకులు చేసుకున్నాయి పండగ.

డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం
కంచె దగ్గరకొచ్చి "నీ కత్తి ఇస్తావా" అంది.
పొయ్యి మీది దూలంలో, పొగలో ఎండుతూ
ఒక హేజెల్ కర్ర దొరికిందట.
ఊపిరాడని రోజుల్లో
ఎప్పుడు వెళ్ళి కోశాడో!
"తనే కోశాడు, తనే ఆరబెట్టాడు.
సగం పని వదిలేస్తే ఆయనకి గిట్టదు."

చిచిలాకి చెక్కడం మాటలు కాదు.
కింది నుంచి పైకి,
ఉల్లిపొరంత పల్చగా, తెగనివ్వకుండా,
కర్ర కొసన తెల్లటి ఉంగరాల కుచ్చు నిలపాలి.
బాసిల్ మునిగారి గడ్డం అంటారు మా పెద్దలు.
వర్లామ్ చెక్కితే అది నడుం దాకా జారేది.

ఆమె చేతిలో తెగింది.
మళ్ళీ తెగింది.
మా గెలా కిసుక్కుమన్నాడు, వీపు మీద ఒక్కటిచ్చాను.
అర్ధరాత్రికి ఒళ్ళంతా చెక్కపేళ్ళు,
కర్ర కొసన బెత్తెడు కుచ్చు,
గరుగ్గా, ఎగుడుదిగుడుగా.

వేలితో నిమిరింది.
"ఆసుపత్రిలో ఇలాగే ఉండేది.
నాలుగు రోజుల గడ్డం.
గీయనా అంటే వద్దన్నాడు."

తర్వాత చకచకా లేచింది.
కంచె మీది ఐవీ తీగ,
ముళ్ళపొద నుంచి ఎర్రకాయల రెమ్మ,
కాకులు మిగిల్చిన పెర్సిమన్ ఒకటి,
పొడిచిన వైపు గోడకి తిప్పి.
నల్లగుడ్డ తీయలేదు, దాని ముందే నిలబెట్టింది.
నలుపు ముందు తెలుపు అంత తెల్లగా ఉంటుందని
ఈ వయసులో తెలిసింది నాకు.
ఊళ్ళో ఏమనుకున్నారో ఆమె అడగలేదు,
నేను చెప్పలేదు.

జనవరి పద్ధెనిమిది. కాల్చే రోజు.
ఏడాది పీడ పొగలో పోతుందని నమ్మకం.
వాకిట్లో తుంపర, మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది.
వర్లామ్ చెక్కినవైతే
ముగ్గురు కలిసి ఒక పాట పాడేంతసేపు కాలేవి.
ఇది మూడు ఊపిర్లలో అయిపోయింది.
"అప్పుడేనా?" అంది,
పొగనో, ఆయన్నో.

మర్నాడు పొద్దున పాలచెంబుతో వెళ్ళాను.
గుమ్మం పైన మేకుకి
హేజెల్ కొమ్మ, పచ్చిది,
ఆకు ఒక్కటీ లేకుండా
జడకుచ్చుల్లా వేలాడే పూతతో.
మంచు వెళ్ళకముందే తొందరపడే చెట్టు అది.
కర్ర కోసిన గాటు పక్కనే పూసిందట.

గాలి కదిలినప్పుడల్లా
గడప మీద పసుపు పుప్పొడి రాలుతోంది.
తుడుద్దామని చీపురు తెచ్చిన గెలాని
ఈసారి ఆమే కసిరింది.